జేబులో తెగిన పోగు

మా నాయన చెయ్యి మూడు నెలల్లో అతుక్కుంది. ఆ చెయ్యి మీద వేసిన కేసు ఏడేళ్లు నడిచింది. నడిచిందని అందరూ అంటారు కాబట్టి నేనూ అంటున్నాను గానీ, అది నడవగా నేనెన్నడూ చూడలేదు. నడిచింది మేమిద్దరం. నాయన నగరిలో బస్సెక్కి పుత్తూరు, కార్వేటినగరం మీదుగా చిత్తూరొచ్చి దిగేవాడు. నేను చిత్తూరులో మా ఇంట్లో కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, కుట్టాల్సిన జాకెట్లు మూటగట్టి పక్కన పెట్టి బస్టాండుకు పోయేదాన్ని. ఇద్దరం కోర్టు వరండాలో నిలబడి, లోపల పేరు పిలిస్తే పలికి, ఇంకో తేదీ తెలుసుకుని ఎవరి దారిన వాళ్లం తిరిగొచ్చేవాళ్లం.

అంగట్లో వాయిదా అంటే ఎప్పటికో ఒకప్పటికి తీరిపోయేది. నా కుట్టుమిషను బాకీ అట్లాగే తీరింది. కోర్టులోనూ అదే మాట వాడతారు. ఆ మాట అక్కడ ఎవరు పెట్టారో గానీ, జనాన్ని ఏమార్చడానికే పెట్టినట్టుంది.

నాయన మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ పని చూడనివాళ్లు మగ్గం మీద మనిషి ఏదో నేస్తున్నాడనుకుంటారు. నేసేది మోటారు. మనిషి అవసరం పోగు తెగినప్పుడే. పోగు తెగితే మగ్గం టక్కున ఆగిపోతుంది. తెగిన రెండు కొసలు వెతికి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ముడేసి, మళ్లీ మగ్గాన్ని కదిలించాలి. ఒకేసారి నాలుగు మగ్గాలు చూసుకునేవాడు నాయన. ఆ చప్పుడులో ఏ మగ్గం ఆగిందో చెవితోనే తెలుసుకుని పోయేవాడు. ఆయన ముడి ఎప్పుడు వేశాడో పక్కనున్నవాళ్లకు కనబడేది కాదు. చిన్నప్పుడు నేను చాలాసార్లు కళ్లార్పకుండా చూశాను. నాకూ ఎన్నడూ కనబడలేదు.

ప్రమాదం నగరి దాటి పుత్తూరు పోయే రోడ్డు మీద జరిగింది. నాయన మోపెడ్ మీద పోతున్నాడు. ఎదురుగా తిరుపతి వైపు నుంచి ఒక కారు వచ్చింది. తిరుమలలో దర్శనం చేసుకుని మద్రాసు పోతున్న కుటుంబం. నడిపేవాడికి కునుకు పట్టింది. కారు గీత దాటి వచ్చి మోపెడ్‌ను కొట్టింది, నాయన కుడిచేతి మీద పడ్డాడు. కారులోంచి నలుగురు గుండ్లతో దిగారు, గుండ్ల మీద చందనం ఇంకా పూర్తిగా ఆరలేదు. అందరూ చేతులు జోడించారు. వాళ్లలో పెద్దావిడ ఏడుస్తూ నాయన ఎడమచేతిలో లడ్డు పెట్టిందట. నాయన దాన్ని కళ్లకద్దుకున్నాడట. కుడిచెయ్యి మోచేతి పైన విరిగి వేలాడుతుంటే ఎడమచేత్తో ప్రసాదం కళ్లకద్దుకున్నవాడు మా నాయన. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రోడ్డు మీద జనం పోగయ్యారు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆస్పత్రి అనలేదు. "ఆస్పత్రికి పోతే కోసి రాడ్డేస్తారప్పా. పుత్తూరుకు తీసకపోండి" అన్నారంతా. మా పక్క ఎముక విరిగితే కాళ్లు వాటంతటవే పుత్తూరు దారి పడతాయి. ఎముకల కట్టుకు దేశమంతా అక్కడికి వస్తుంటే పక్కనే ఉన్న మేము వేరేచోటికి పోతామా? ఆ కారులోనే తీసుకుపోయారు. సీటుకు నెత్తురు అంటుకుంటుందని నాయన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడట. వాళ్లు ఫోన్ నంబరు ఇచ్చి, మొత్తం మేం చూసుకుంటాం, పోలీసులూ అవీ ఎందుకు అన్నారు. "దర్శనం చేసుకుని వస్తాండే వాళ్లు, కావల్నని గుద్దినారా" అని నాయన సరేనన్నాడు.

కట్టు కట్టిన ఆయన మంచివాడు. ఆయన్ని నేను ఒక్క మాటా అనను. ఎముక లాగి సరిచేసి, ఆకుపసరూ గుడ్డుసొనా పట్టించిన గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. కట్టి ఒక మాట చెప్పాడు. "ఎముక నేను కుదురుస్తా. నరానికి దెబ్బ తగిలినట్టుండాది. అది నా సేతిలో లేదు, పెద్దాస్పత్రిలో సూపించండి." మొదటి మాట మా ఇంటిల్లిపాదీ విన్నాం. రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పుత్తూరు కట్టు కట్టాక ఇంకా ఆస్పత్రి ఏంటని మా అమ్మే గదిమింది.

కట్టు విప్పేసరికి చెయ్యి భుజం దగ్గర బిగుసుకుపోయి ఛాతీ దాకా కూడా లేవడం లేదు. దాని గురించి ఎవరూ భయపడలేదు, నూనె రాస్తే వస్తుందన్నారు. నాయన భయపడింది వేరే దానికి. కట్టు విప్పిన మర్నాడే పనికి పోయి మగ్గం దగ్గర నిలబడ్డాడు. పోగు తెగింది. కొసలు పట్టుకున్నాడు. వేళ్ల మధ్య పోగు ఉందో జారిపోయిందో తెలియలేదు. కిందికి చూస్తే లేదు. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. నాలుగు మగ్గాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పక్క మగ్గాల మనిషి వచ్చి నాయన తెగిన పోగులన్నీ తానే ముడేసి పోయాడట. అంతటితో నాయన పని అయిపోయింది.

అప్పటికి కారువాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఎవరో చెబితే పోలీస్ స్టేషనుకు పోయాం. ఇన్ని రోజులూ ఏం చేస్తాండారని వాళ్లడిగారు. ఆ ప్రశ్న తర్వాత ఏడేళ్ల పాటు అందరూ అడుగుతూనే ఉన్నారు. కేసు రాసుకున్నారు. చిత్తూరులో ఒక వకీలు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన మొత్తం విని, చెయ్యి చాపి, "కాగితాలు?" అన్నాడు. మా దగ్గర కాగితాలేమున్నాయి? పుత్తూరు కట్టుకు బిల్లుండదు, చీటీ ఉండదు, ఆస్పత్రిలో చేరినట్టు రాసే పుస్తకం ఉండదు. ఉన్నదల్లా విప్పి తెచ్చుకున్న వెదురుబద్దలు. నాయన వాటిని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. వకీలు వాటిని చూసి, నన్ను చూసి, ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు.

పిటిషన్ ఇంగ్లీషులో రాశారు. వకీలు జూనియరు మాకు తెలుగులో చెప్పాడు. కూలి పని చేసుకునే మనిషి, ప్రమాదంలో కుడిచెయ్యి విరిగింది, చెయ్యి పైకెత్తలేడు, బరువులు మొయ్యలేడు. అంతే.

"ఈయన కూలి కాదయ్యా, మగ్గం మనిషి. బరువు మొయ్యడం కాదు, వేళ్లు పట్టడం లేదు" అన్నాను.

వకీలు విసుక్కోలేదు, నవ్వాడు. "అమ్మా, మగ్గం పనికి రుజువేముంది నీ దగ్గర? కూలి అంటే రుజువక్కర్లేదు. చెయ్యి లేవదంటే జడ్జిగారికి కూర్చున్నచోటే కనబడుతుంది. వేలు పట్టదంటే ఏం కనబడుతుంది? చెయ్యి లేవడం లేదా? లేవడం లేదు గదా. అబద్ధమేమన్నా రాసినామా?"

నిజమే, ఆ రోజుకు అందులో అబద్ధం లేదు. నాయన మునుపు సంతకం పెట్టేవాడు. వేళ్లు కలాన్ని పట్టవు గనుక ఎడమ బొటనవేలితో నిశాని వేశాడు. చదువు రాదని రాసుకున్నారు.

బయటికి వచ్చాక నాయన ఒక మాటన్నాడు. ఈ కేసులో ఆయన తనకోసం అడిగింది అదొక్కటే. "డబ్బు సంగతి వాళ్లిష్టం పాపా. నా సెయ్యి పనికి రాకుండా పోయిందని ఆ పెద్దాయన నోటితో ఒక్కసారి సెప్పల్ల. మగ్గం కాడ అందరూ నేను సోమరితనానికి మానేసినాననుకుంటాండారు." ఎముక అతుక్కుని చెయ్యి చూడ్డానికి బాగుంటే జనం అట్లాగే అనుకుంటారు మరి. నగరిలో టీ అంగడి దగ్గర ఒకడు మొహం మీదే అన్నాడట, చెయ్యి విరిగితే కేసు, కేసు పెడితే కూర్చుని తినొచ్చని.

ఆ పెద్దాయన, అంటే జడ్జి, తనను పిలిచి అడుగుతాడని నాయన నమ్మకం. అందుకని మొదటి వాయిదా నాడే చొక్కా జేబులో రెండు మూరల పోగు పెట్టుకుని వచ్చాడు, మధ్యలో తెంపి. జడ్జిగారి ముందు ముడెయ్యబోయి, పడకపోవడం ఆయనకు చూపిస్తాడట. "ఒక్క నిమిసం పని పాపా, సూస్తే సిన్నబిడ్డకైనా అర్థమవతాది" అన్నాడు. ఆ రోజు జడ్జి సెలవు.

తర్వాత ఏమేం జరిగిందో వరసగా చెప్పడం నా వల్ల కాదు. నాకే కలిసిపోయి కనబడతాయి. కారు అప్పటికే ఇంకొకరికి అమ్మేశారు, కొన్నవాణ్ణి కూడా కేసులో చేర్చాలన్నారు. వాడికి పంపిన నోటీసు తిరిగొచ్చింది. మళ్లీ పంపితే మళ్లీ వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు జవాబు రాయడానికి గడువడిగాడు, ఇచ్చారు. మళ్లీ అడిగాడు, మళ్లీ ఇచ్చారు. జడ్జి బదిలీ అయ్యాడు. కొత్తాయన రావడానికి కొన్ని నెలలు పట్టింది, వచ్చినాయన ఫైలు మొదటినుంచి చూడాలన్నాడు. వేసవి సెలవులు. వకీళ్ల బాయ్‌కాట్. కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. అది పోయాక జిల్లాలు విడగొట్టారు, పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, నగరి చిత్తూరులోనే ఉండిపోయింది. మీ కేసు తిరుపతికి పోయుంటుందని ఎవరో అంటే ఒకరోజు తిరుపతి పోయి తిరిగి తిరిగి వచ్చాం. ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటనే ఉంది. తిరుపతి దాకా వచ్చినాం గదా, కొండకు పోదామా అన్నాడు నాయన. నేను అన్న మాట ఇక్కడ రాయలేను.

ఈ లోపల చెయ్యి మాత్రం ఊరుకోలేదు. నాయన పొద్దునా సాయంత్రం వేడినీళ్ల కాపడం పెట్టుకుని, నూనె రాయించుకుని, తలుపు పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి మెల్లమెల్లగా పైకి పాకించేవాడు. మొదట భుజం ఎత్తు దాకా. తర్వాత వాకిలి పైకమ్మి దగ్గరికి. ఒక ఏడాది ఉగాదికి పైకమ్మికి మామిడాకుల తోరణం తానే కట్టబోయాడు. కట్టడం రాలేదు గానీ చెయ్యి అక్కడిదాకా పోయింది. అమ్మ సంబరపడిపోయి నాకు ఫోన్ చేసింది.

ఆ సంబరం వకీలు ముఖంలో కనబడలేదు. ఒక వాయిదాలో పేరు పిలవగానే నాయన "ఉండా సామీ" అని అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఎత్తాడు. వకీలు చప్పున వెనక్కి తిరిగి, "పెద్దాయనా, ఆ చెయ్యి దించు. అవతల కంపెనీవాళ్లున్నారు" అని పళ్లు కొరికాడు. నాయన గబుక్కున దించేశాడు, బడిలో తన్నులు తిన్న పిల్లవాడిలాగా. అప్పుడర్థమైంది నాకు. మేము నిజమే రాసి ఇచ్చాం. దాన్ని అన్నేళ్లు అక్కడ పడేసి ఉంచారు. ఉంచేసరికి అది అబద్ధమైంది. రాయకుండా వదిలేసిన వేళ్ల సంగతి మాత్రం ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది.

మధ్యలో ఒకసారి లోక్ అదాలత్‌కు పిలిచారు. ఎంతో కొంత ఇస్తాం, ఇద్దరూ ఒప్పుకున్నట్టు సంతకం పెట్టండి అన్నారు. కంపెనీ తరఫు మనిషి నాయన భుజం మీద చెయ్యేసి, "చెయ్యి బాగానే ఉంది గదా పెద్దాయనా, సర్దుకుపో" అన్నాడు. నాయన లేచి బయటికి వచ్చేశాడు. నేను తీసుకుందామన్నాను. వరండాలో నిలబడి గట్టిగానే అన్నాను.

"ఎందుకు పాపా? ఆడ ఎవురూ ఏమీ సెప్పరు. సంతకం పెట్టించుకుంటారంతే. బాగుండాదని నేనే ఒప్పుకున్నట్టు అవతాది."

"ఒప్పుకుంటే ఏం? ఈ తిరుగుడైనా తప్పుతుంది."

"తప్పితే మగ్గం కాడికి నేను ఏ మొకం పెట్టుకుని పోదును?"

ఆయన మాట నెగ్గింది. తీసుకుని ఉండాల్సిందని ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మాట కోసం ఏడేళ్లు నిలబడేవాళ్లను మెచ్చుకునేది వాళ్లతో బస్టాండులో నిలబడనివాళ్లే.

చివరికి నాయన్ను బోనెక్కించే రోజు వచ్చింది. ముందుగా వకీలు మమ్మల్ని మెట్ల కిందికి పిలిచి పాఠం చెప్పాడు. "కంపెనీ వకీలు చెయ్యెత్తమంటాడు. ఛాతీ దాకా ఎత్తు. అబ్బా అని ఆపెయ్. అర్థమైందా? పైకి పోయిందా, కేసు పోయింది." నాయన తలూపాడు. నాకు ఆ తలూపుడు నచ్చలేదు. సరేననడానికి ఆయన అట్లా ఊపడు, మాట విన్నానని చెప్పడానికి ఊపుతాడు. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. జేబులో పోగు ఉంది. ఏళ్ల తరబడి ఆ జేబు నుంచి ఈ జేబుకు మారి బూడిద రంగుకు తిరిగింది.

కంపెనీ వకీలు మెత్తని మనిషి. గదమాయిస్తాడనుకుంటే ఇంటికొచ్చిన చుట్టంలాగా పలకరించాడు.

"కట్టు ఎక్కడ కట్టించుకున్నావు పెద్దాయనా?"

"పుత్తూరులో సామీ."

"బాగా కడతారని చెబుతారే?"

"యాడాడి నుంచో వస్తారు సామీ."

"మరి నీకు కుదిరిందా?"

మా వకీలు గొంతు సవరించుకున్నాడు. నేను వెనక బెంచీలో పైట కొంగు పిడికిట్లో బిగించి కూర్చున్నాను. మా పక్క ఈ ప్రశ్నకు ఒకటే జవాబు. కట్టు విప్పిన నాడు కట్టినాయన అడుగుతాడు, కుదిరిందా అని. కుదిరింది సామీ అని దణ్ణం పెట్టి రావాలి. కుదరలేదంటే కట్టిన చేతికి కీడని పెద్దవాళ్ల నమ్మకం. జడ్జి ముందు నిలబడినా, దేవుడి ముందు నిలబడినా నాయన నోట ఇంకో మాట రాదు.

"కుదిరింది సామీ. పుత్తూరు కట్టు కుదరకుండా యాడికి పోతాది?"

"ఏదీ, ఎత్తు చూద్దాం."

ఎత్తాడు. ఛాతీ దగ్గర ఆగలేదు. భుజం దాటి, చెవి దాటి, తలమీదికి నిటారుగా ఎత్తాడు. ఎత్తి నవ్వాడు కూడా. గోడకు ఆనించి అన్నేళ్లు పాకించిన చెయ్యి అది, దాన్ని చూపించమని మొదటిసారిగా ఒకరు అడిగారు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి టైపిస్టుకు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. కంపెనీ వకీలు "అంతే సార్" అని కూర్చున్నాడు.

నాయన చెయ్యి దించి, ఎడమచెయ్యి జేబులో పెట్టాడు. "సామీ, ఇంకొకటి సూపించల్ల" అన్నాడు.

"ఏంటది?"

"పోగు సామీ. ఇది ముడెయ్యబోతే..."

"ఏమన్నా ఉంటే మీ వకీలుకు చెప్పుకో. దిగు." బంట్రోతు అప్పటికే ఇంకో పేరు పిలుస్తున్నాడు.

బయట వకీలును నేను నిలదీశాను, మీరైనా వేళ్ల సంగతి అడగొచ్చు గదా అని. "పిటిషన్లో లేనిది ఇప్పుడు అడిగితే కేసు మొత్తం అనుమానంలో పడుతుందమ్మా. అయినా నేను చెప్పిందేంటి, ఆయన చేసిందేంటి?" అని ఫైలు చంకన పెట్టుకుని పోయాడు. ఆ రోజు నాయన మీద వచ్చినంత కోపం నాకు ఆ కారువాళ్ల మీద కూడా రాలేదు. బస్టాండు దాకా నోటికొచ్చినట్టు తిట్టాను. నాయన నగరి బస్సు కోసం రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"నేను సెప్పింది అబద్దమా పాపా? కుదిరింది గదా. కుదరంది వేళ్లు. వేళ్లు ఎట్లుండాయని ఎవురన్నా అడిగినారా?"

ఎవరూ అడగలేదు. కారువాళ్లు అడగలేదు, పోలీసులు అడగలేదు, ఎక్స్‌రే చూసి ఎముక చక్కగా అతికిందని రాసిచ్చిన తిరుపతి డాక్టరు అడగలేదు. మా అమ్మా నేనూ కూడా ఆ వేళ్లను చేతిలోకి తీసుకుని ఎన్నడూ చూడలేదు. బస్సు వచ్చింది, ఎక్కి పోయాడు.

తీర్పు ఆ తర్వాత ఇంకొన్ని వాయిదాలకు వచ్చింది. చెయ్యి పూర్తిగా కుదిరినట్టు పిటిషనరే ఒప్పుకున్నాడనీ, అంగవైకల్యం రుజువు కాలేదనీ అందులో ఉంది. పడిన బాధకు ఏదో కొంత ఇవ్వమన్నారు. మగ్గం అనే మాట ఆ తీర్పులో ఎక్కడా లేదు. నాయన వరండాలో నా చేత దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత వకీలు దగ్గరికి పోయి, ఆయన ముందు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

"దీని మీద పైకి పోవచ్చునా?"

"పోవచ్చు, హైకోర్టుకు. కానీ పెద్దాయనా..."

"ఎన్నేళ్లు పడతాది?"

"అది నేను చెప్పలేను."

"సరే, పోదాం" అన్నాడు నాయన. మా వకీలు నా ముఖంలోకి చూశాడు. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూశాను.

ఆయన్ని బయట కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి పోయి అడిగాను, అక్కడ జడ్జిగారు నాయన్ను పిలిచి అడుగుతారా అని. లేదమ్మా అన్నాడు వకీలు. హైకోర్టులో మనుషులను పిలవరట. కింద కోర్టులో రాసుకున్న కాగితాలు చదువుతారు, అంతేనట. చెయ్యి తలమీదికి ఎత్తాడని టైపు కొట్టిన ఆ రెండు ముక్కలే ఎన్నేళ్లయినా అక్కడ చదువుతారు.

బయటికి వచ్చాను. నాయన బెంచీ మీద కూర్చుని జేబులోంచి పోగు బయటికి తీసి చూసుకుంటున్నాడు. మడతల దగ్గర అది పీచులు లేచి, పట్టుకుంటే చిట్లిపోయేలా ఉంది.

"ఇది నలిగిపోయింది పాపా. మంచి పోగొకటి తీసియ్యి. ఈసారి పెద్ద జడ్జీలు గదా, తప్పకుండా అడగతారు."

వకీలు చెప్పింది ఆయనకు చెప్పలేదు. ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాను. మిషను పెట్టెలోంచి తెల్లదారం రెండు మూరలు తీసి, మధ్యకు తెంపి, ఆయన జేబులో పెట్టాను.